తాలాబ్, కట్ట, బంద్: హుస్సేన్ సాగర్ మట్టి కథ

హైదరాబాద్ పాతబస్తీలో తాలాబ్ కట్టా అని ఒక మొహల్లా ఉంది. ఆ పేరులో సగం ఉర్దూ, సగం తెలుగు. తాలాబ్ వాళ్ళది, కట్ట వీళ్ళది అని విడదీసి చూడటం ఆ పేరు పెట్టిన వాళ్ళకు తెలియదు. అదే నగరంలో ట్యాంక్ బండ్ ఉంది. అందులో మొదటి ముక్క ఇంగ్లీషు, రెండోది మన ఫార్సీ 'బంద్'. కట్టడం, బిగించడం, ఆపడం అని దాని మానీ. ఇంగ్లీషు వాళ్ళు హిందుస్తాన్‌కు వచ్చి ఆ మాట నేర్చుకుని, తమ స్పెల్లింగుతో మనకే తిరిగి ఇచ్చారు. ఇక హుస్సేన్ సాగర్ సంగతి చూడండి: హుస్సేన్ అరబీ, సాగర్ సంస్కృతం. ఒక చెరువు, దాని కట్ట గురించి మాట్లాడుకోవడానికి ఈ ఊరికి ఇన్ని జబాన్లు కావలసి వచ్చాయి.

ఈ వ్యాసం ఆ కట్ట గురించి. సాయంత్రం పిల్లలను తీసుకెళ్ళి ఐస్‌క్రీం కొనిపెట్టే రోడ్డుగా దాన్ని అందరూ ఎరుగుదురు. కానీ అది అసలు రోడ్డు కాదు. నాలుగున్నర శతాబ్దాలుగా నీళ్ళను ఆపుతూ నిలబడిన మట్టి ఆనకట్ట. దాని వీపు మీద మనం రోడ్డు వేసుకున్నాం. ఈ సంగతి మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ముందు తారీఖు. చార్మినార్ 1591లో కట్టారు, హైదరాబాద్ షహర్ వయసూ అంతే. హుస్సేన్ సాగర్ 1562 నాటిది. అంటే నగరం కంటే చెరువు దాదాపు ముప్పై ఏళ్ళు పెద్దది. షహర్ పుట్టక ముందే దాని నీళ్ళు పుట్టాయి. అప్పుడు గోల్కొండ తఖ్త్ మీద ఉన్నది ఇబ్రహీం కులీ కుతుబ్ షా. 1550 నుంచి 1580 దాకా ముప్పై ఏళ్ళు ఏలాడు. మన తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మూసీ మీద పురానా పూల్ 1578లో కట్టించిందీ ఆయనే.

తఖ్త్ ఎక్కక ముందు ఇబ్రహీం, అన్న జంషీద్‌కు భయపడి పారిపోయి, ఏడేళ్ళ పాటు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర పనాహ్ తీసుకున్నాడు. తెలుగు మీద ఆయనకు మొహబ్బత్ అక్కడే పెరిగిందంటారు. తర్వాత 1565లో తళ్ళికోట జంగ్‌లో అదే రామరాయలకు ఎదురు నిలిచిన సుల్తానుల్లో ఈయన కూడా ఒకడు. సియాసత్ అంటే అదీ. ఆ సంగతి అలా ఉంచితే, విజయనగరంలో ఉన్న ఏడేళ్ళూ ఆయన కళ్ళు మూసుకుని ఉండి ఉండడని నా ఖయాల్. తుంగభద్ర నీళ్ళను కాలువల్లో పెట్టి రాళ్ళ మధ్య వరి పండించిన ఊరు అది. నీళ్ళుంటేనే రియాయా ఉంటుంది, రియాయా ఉంటేనే ఖజానా నిండుతుంది అన్న లెక్క అక్కడ వీధి వీధినా కనిపించేది.

ఇక హజ్రత్ హుస్సేన్ షా వలీ. గుల్బర్గా ఖ్వాజా బందా నవాజ్ ఖాందాన్‌కు చెందిన బుజుర్గ్ అని, ఇబ్రహీం కులీకి అల్లుడని రివాయత్. సుల్తాన్ జబ్బు పడితే ఈయన దువాతో షిఫా కలిగిందని, దానికి షుక్రానాగా చెరువు తవ్వించారని ఒక కథ. ఇంకొక కథ మరీ అందమైనది. చెరువుకు ఇబ్రహీం సాగర్ అని పేరు పెడదామనుకున్నారట. కానీ పని దగ్గర నిలబడి చేయించింది హజ్రత్ కాబట్టి జనం నోట అది హుస్సేన్ సాగర్ అయిపోయింది. పాదుషా కొంచెం చిన్నబుచ్చుకుని, తన పేరు నిలవడానికి ఇబ్రహీంపట్నంలో మరో పెద్ద చెరువు కట్టించుకున్నాడట. కథ నిజమో కాదో గానీ, రెండు చెరువులూ ఈ రోజుకీ ఉన్నాయి, రెండు పేర్లూ ఉన్నాయి.

హజ్రత్ మజార్ గోల్కొండకు పడమర, షేక్‌పేట దాటాక ఉంటుంది. ఆ దర్గా పేరు ఈ మధ్య అఖ్బారుల్లో చెరువు వల్ల కాకుండా భూముల వల్ల మోగింది. మణికొండ జాగీర్‌లోని 1,654 ఎకరాలు దర్గా వక్ఫ్ అని ఒక వైపు, సర్కారువని ఇంకొక వైపు ఏళ్ళ తరబడి ముఖద్దమా నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సర్కారు వైపు తీర్పు ఇచ్చింది. ఆ బహస్‌లో హజ్రత్ పేరు వేల సార్లు పలికి ఉంటారు. ఆయన కట్టించిన కట్ట గురించి ఒక్కసారైనా ఎవరైనా అడిగారా అన్నది నాకు సందేహమే.

మనలో ఒక ఆదత్ ఉంది. బుజుర్గ్ పేరు మీద ఏది ఉన్నా కరామత్ అనేస్తాం. కరామత్‌ను ఇన్కార్ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ చెరువు కట్టను కరామత్ అనేసి ఊరుకుంటే దాని వెనకున్న ఇల్మ్ పోతుంది, దాన్ని మోసిన చేతులూ పోతాయి. దక్కన్‌లో చెరువు పని అంటే వడ్డెర వాళ్ళ పని. తరతరాలుగా రాయి కొట్టి, మట్టి తవ్వి, తట్టలతో మోసిన కౌమ్ అది. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల, లక్నవరం లాంటి చెరువులు లేచినప్పుడు ఈ నేల నేర్చుకున్న హునర్, మూడు వందల ఏళ్ళ తర్వాత గోల్కొండ సల్తనత్‌కు తయారుగా దొరికింది. కుతుబ్ షాహీలు ఆ హునర్‌ను ఇరాన్ నుంచి తెచ్చుకోవలసిన అవసరం పడలేదు.

ఆ హునర్ ఎంత పక్కాగా ఉండేదో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చూడాలి. 1369 నాటిది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు పట్టే ఆరు దోషాలు అందులో చెక్కి ఉన్నాయి. రెండేళ్ళ పాటు రోజుకు వెయ్యి మంది కూలీలు పని చేశారని, రాయి మోయడానికి వంద బండ్లు పెట్టారని కూడా రాసి ఉంది. ఆరు దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీళ్ళు ఊరడం. ఇంకొకటి, నీళ్ళు తక్కువై, పారవలసిన పొలం ఎక్కువ కావడం. నీళ్ళు మరీ ఎక్కువై నేల తక్కువ కావడం కూడా దోషమే. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటాన్నీ దోషంగానే లెక్కేశారు. జగడం నీళ్ళ కంటే ముందే వస్తుందని వాళ్ళకు ఎరుక. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలు ప్రాజెక్టుల మీద పడే కొట్లాట చూస్తే, ఆ శాసనం రాసిన వాడికి సలాం కొట్టాలనిపిస్తుంది.

మట్టి కట్ట ఎలా నిలబడుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు ఖతరా అక్కడే ఉంది. రాతి గోడ తన బరువుతో, సున్నంతో నీటిని ఆపుతుంది. మట్టి కట్ట అలా కాదు. బంకమట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, తొక్కి, మళ్ళీ పొర వేస్తారు. అడుగున బాగా వెడల్పు, పైకి పోయే కొద్దీ సన్నం. అలలు కోసుకుపోకుండా నీటి వైపు రాళ్ళు పరుస్తారు. అయినా మట్టిలోకి నీళ్ళు దిగుతూనే ఉంటాయి. పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు, మెల్లగా, పలచగా దిగేలా చేయడమే పనితనం. పాత నీరడికాళ్ళు కట్ట వెనక పాదం దగ్గర ఊరే నీళ్ళను చేతిలోకి తీసుకుని చూసేవాళ్ళు. తేటగా ఉంటే ఫికర్ లేదు. బురదగా ఉంటే నీళ్ళు మట్టిని మోసుకొస్తున్నాయని, లోపల దారి పడుతోందని అర్థం. ఆ రాత్రి ఇక నిద్ర లేదు.

ఎలుక బొక్క, ఎండ్రకాయ బొక్క, చెట్టు చచ్చాక కుళ్ళిన వేరు వదిలిన సందు, ఇవన్నీ మట్టి కట్టకు దుష్మన్లు. వీటన్నిటి కంటే పెద్ద దుష్మన్, నీళ్ళు కట్ట మీది నుంచి పొర్లడం. రాతి ఆనకట్ట మీది నుంచి నీళ్ళు పొర్లితే అది చాలాసార్లు తట్టుకుంటుంది. మట్టి కట్ట తట్టుకోదు, గంటల్లో కోసుకుపోతుంది. అందుకే కట్ట కంటే కిందగా ఒక పక్కన అలుగు పెడతారు. చెరువుకు అది హద్దు. నిండిన తర్వాత మిగిలిన నీళ్ళు అక్కడి నుంచి మర్యాదగా వెళ్ళిపోవాలి. అలుగు మూసుకుపోయినా, అలుగు కింద కాలువలో ఇళ్ళు లేచినా, కట్టకు ముప్పు మొదలైనట్టే.

కాబట్టి మట్టి కట్ట ఇమారత్ కాదు, అది ఖిద్‌మత్. ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ప్రతి ఎండాకాలం పూడిక తీయాలి, ప్రతి వానాకాలం ముందు గండ్లు పూడ్చాలి. దీనికి పాత రోజుల్లో దశబంధం అనే పద్ధతి ఉండేది. చెరువు కట్టించిన వాళ్ళకో, దాన్ని చూసుకునే వాళ్ళకో ఆ చెరువు కింది భూమిలో, పంటలో ఒక వంతు ఇనాం ఇచ్చేవారు. చెరువు బాగుంటేనే వాళ్ళకు గింజలు. దీని కంటే మంచి ఇంతెజాం నాకు తోచదు. సదఖా జారియా గురించి మనం జుమా ఖుత్బాల్లో వింటూ ఉంటాం, బావి తవ్వించిన వాడికి అతను పోయిన తర్వాత కూడా సవాబ్ అందుతూ ఉంటుందని. జారియా అంటే పారుతూ ఉండేది. పూడిపోయిన బావి ఎవరి దాహం తీరుస్తుంది?

హుస్సేన్ సాగర్‌కు తిరిగి వద్దాం. చుట్టూ కొండల వాన నీళ్ళతో పాటు మూసీ నుంచి బల్కాపూర్ కాలువ ద్వారా నీళ్ళు వచ్చేవి. రెండు వందల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద పడిన వాన ఇక్కడికి చేరుతుంది. ఎక్కువ లోతు 32 అడుగులు. కట్ట కింద పొలాలు, తోటలు. 1798 తర్వాత ఇంగ్లీషు ఫౌజు చెరువుకు ఉత్తరాన డేరాలు వేసింది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఆ ఛావనీ సికింద్రాబాద్ అయింది. అప్పటి నుంచి కట్ట రెండు ఊళ్ళను కలిపే తోవ అయింది. ఇటు నిజాం హుకుమత్, అటు కంపెనీ ఛావనీ, మధ్యలో హజ్రత్ పోయించిన మట్టి. రెండు వైపుల జనమూ ఆ నీళ్ళే తాగారు. తాగునీటికి దీన్ని 1930 దాకా వాడారు.

1908 సెప్టెంబర్ 28. మూసీ తుగ్యానీ గురించి మన ఇళ్ళల్లో వినని వాళ్ళు తక్కువ. దాదాపు పదిహేను వేల మంది పోయారని అంచనా. ఆ వరద ఒక్క వాన వల్ల వచ్చింది కాదు. మూసీ పరీవాహకంలో అప్పట్లో ఏడు వందలకు పైగా చెరువులు ఉండేవి, ఒకదాని కింద ఒకటి, గొలుసుకట్టుగా. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ కింది దాని మీద పడ్డాయి, అదీ తెగింది. అలా రెండు వందలకు పైగా చెరువులు తెగి మూసీలో పడ్డాయి. దీన్ని పరిశీలించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతోనే మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. ఒకటి ఏడో నిజాం పేరు, రెండోది ఆయన కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు.

ఈ రెండు కొత్త చెరువులు వచ్చాక హుస్సేన్ సాగర్ నసీబ్ మారింది. అక్కడి నుంచి తియ్యటి నీళ్ళు నల్లాల్లో వస్తుంటే ఇక ఈ నీళ్ళు తాగేది ఎవరు? నా దృష్టిలో హుస్సేన్ సాగర్ చరిత్రలో అసలు గండి పడింది అప్పుడే. తాగే నీళ్ళయితే జనం కాపలా కాస్తారు. అందులో ఎవడైనా చెత్త వేస్తే కొట్లాటకు దిగుతారు. తాగడం మానేసిన రోజు ఆ ఫికర్ కూడా పోయింది. 1920లోనే ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు కార్ఖానా పెట్టారు. తర్వాత బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్లలో ఫ్యాక్టరీలు లేచాయి. వాటి మైల కూకట్‌పల్లి నాలా పట్టుకుని సాగర్‌లో దిగింది. పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా కూడా మోరీలైపోయాయి. బల్కాపూర్! ఒకప్పుడు మూసీ నీళ్ళు తెచ్చి ఈ చెరువు గొంతు తడిపిన కాలువ అది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలు వద్దని 1996లో 111 నంబరు జీవో తెచ్చారు, దాని మీద బహస్ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. హుస్సేన్ సాగర్‌కు అలాంటి జీవో అడిగిన వాళ్ళు కూడా లేరు. చుట్టూ పార్కులు, నెక్లెస్ రోడ్డు వచ్చాయి. నీళ్ళు ఉండవలసిన చోట పచ్చిక పరిచి అందం అన్నాం.

కట్ట మాత్రం తన పని మానలేదు. 1946లో సర్ మీర్జా ఇస్మాయిల్ దీవాన్‌గా ఉన్నప్పుడు దాన్ని వెడల్పు చేయించారు. మైసూరులో ఊళ్ళను ముస్తాబు చేసిన మనిషి, ఇక్కడ ఉన్న కొద్ది రోజుల్లోనే ఈ పని చేసి వెళ్ళారు. ఎన్టీ రామారావు సర్కారు హయాంలో మళ్ళీ వెడల్పు చేసి మహనీయుల విగ్రహాలు పెట్టారు. వెడల్పు చేయడం వల్ల కట్టకు బలమే వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ వెడల్పు వల్లే అది కట్ట అన్న సంగతి కంటికి ఆనకుండా పోయింది. ఇటు చెరువు, అటు లోయర్ ట్యాంక్ బండ్. ఆ 'లోయర్' ఎందుకు లోయర్ అన్నది ఎంతమంది ఆలోచిస్తారు?

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. సాగర్ అలుగు పారింది. దోమలగూడ, అశోక్ నగర్, గాంధీ నగర్ ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. జనం సాగర్‌ను తిట్టారు. నిజానికి సాగర్ చేయవలసిందే చేసింది, మిగులు నీళ్ళను అలుగు దారిన పంపింది. ఆ దారిలో మనం ఇళ్ళు కట్టుకున్నాం. కట్టుకున్న వాళ్ళందరూ కబ్జాదారులని కూడా అనలేం. చాలామంది గరీబులు, ఎవరో ప్లాటు గీసి అమ్మితే చెమట కమాయీ పోసి కొన్నవాళ్ళు.

2020 అక్టోబర్ మనవాళ్ళెవరూ మరవలేరు. 13వ తేదీ రాత్రి ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీద కార్లు కొట్టుకుపోయాయి. పల్లె చెరువు నీళ్ళు అలీ నగర్ మీద, అల్ జుబైల్ కాలనీ మీద పడ్డాయి. నాలుగు రోజుల తర్వాత గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగింది. ఒక్కో పేరు చదువుతుంటే ఎవరి ఇళ్ళో మీకే తెలుస్తుంది. కువైట్‌లో, జుబైల్‌లో ఏళ్ళ తరబడి కష్టపడి పంపిన డబ్బుతో కొన్న ఫ్రిజ్జులు, కూతుళ్ళ పెళ్ళిళ్ళకు దాచిన సామాన్లు బురదలో తేలాయి. 1908లో చూసిన గొలుసే ఇది కూడా. తేడా ఒక్కటే, అప్పుడు చెరువులు చాలా ఉండేవి, ఇప్పుడు మిగిలిన కొద్ది చెరువుల కడుపులో కూడా మనమే ఉన్నాం.

కట్ట పాతది కాబట్టి పడిపోతుంది అనుకునే వాళ్ళకు ఒక సంగతి. 2021 నవంబర్ 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైన పింఛా ప్రాజెక్టు తెగి ఆ వరద వచ్చి పడింది, ఇక్కడ గేటు ఒకటి పని చేయలేదు, నీళ్ళు కట్ట మీదుగా పొర్లాయి. కింద పులపత్తూరు లాంటి ఊళ్ళు తెల్లవారే సరికి తుడిచిపెట్టుకుపోయాయి. ఆ కట్ట నిన్న మొన్నటిది. గుజరాత్ మోర్బీలో 1979 ఆగస్టు 11న మచ్చూ కట్ట తెగి వేల మంది చనిపోయారు. అది కూడా కొత్తదే, పొర్లిన నీళ్ళే దాన్ని కూడా కోశాయి. హుస్సేన్ సాగర్ కట్టకు 460 ఏళ్ళు దాటాయి. దాన్ని నిలబెట్టింది దాని వయసు కాదు, అలుగు. ఆ అలుగు నుంచి మూసీ దాకా నీళ్ళకు తోవ ఎంత మిగిలిందన్నదే ఇప్పుడు సవాల్.

ఒక చిన్న లెక్క గుర్తు పెట్టుకోండి. హుస్సేన్ సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు. వానాకాలం టీవీలో కింద పరుగెత్తే వార్తల్లో ఈ అంకె తరచు వస్తుంది. అది దాటిందని చెబితే అలుగు నీళ్ళు దోమలగూడ, అశోక్ నగర్, నల్లకుంట, గోల్నాక, అంబర్‌పేట మీదుగా మూసీకి పోతున్నాయని అర్థం. ఆ నాలా పక్కన మీ ఖాలా ఇల్లో, ఫూఫీ ఇల్లో ఉంటే చీకటి పడక ముందే ఫోన్ చేసి, పిల్లలను, కాగితాలను తీసుకుని పై అంతస్తు ఉన్న ఇంటికి రమ్మనండి.